షట్టరు బయటి వైపు

మా రొట్టెల కొట్లో గోడ గడియారం ఉండేది కానీ దాన్ని చూసి పని చేసినవాళ్ళు లేరు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ముక్కుతోనే కొట్టు నడిపాడు. ముందురోజు సాయంత్రం కలిపి మూతపెట్టిన పులిపిండి కుండ దగ్గరికి పొద్దున్నే వచ్చి, మూత తీసి, ముఖం లోపలికి పెట్టి ఒక్కసారి గట్టిగా పీల్చేవాడు. మగ్గిన పండు వాసన వస్తే "ఊఁ, కలపండి" అనేవాడు. పచ్చిపిండి వాసన వస్తే ఇంకో గంట ఆగాల్సిందే. ముక్కు మండిందో, ఆ కుండ కాలవలోకి పోవాల్సిందే. ఆయన పోయాక ఆ ముక్కు మా అబ్బాయికి వచ్చింది. ఒక్కగానొక్క కొడుకు. నడక నాదే, మాట నాదే, ముక్కు మాత్రం అచ్చం తండ్రిది.

మా ఇల్లూ కొట్టూ ఒకటే. వీధి వైపు అమ్మకాల బల్ల, దాని ముందు ఇనప షట్టరు. వెనకాల బట్టీ గది. దాని వెనక తలుపు తీస్తే సందు. పైన రెండు గదులు, మేం పడుకునేవి. మా రాకపోకలన్నీ సందు తలుపులోంచే. షట్టరు పొద్దున లోపలినించే ఎత్తుతాం, చీకటి పడకముందే లోపలినించే దించుతాం. ఎత్తితే చుట్టుకుపోయి పైన పెట్టెలో దూరుతుంది. దించితే మేం లోపలుంటాం. అంచేత ఆ షట్టరు బయటి వైపు ఎలా ఉంటుందో, మన వీపు మనకి తెలియనట్టే, మాకు తెలియదు. ఇది ఎందుకు చెబుతున్నానో ముందుకి వెళ్ళాక మీకే తెలుస్తుంది.

జబ్బు మొదటిసారి వచ్చిన ఏడాది మా వీధిని మూసేశారు. చివరింట్లో ఎవరికో జ్వరం అన్నారు. తెల్లారేసరికి వీధికి రెండు చివరలా రేకులు కొట్టి, ఒక్కో చివర ఒక్కో కాపలావాణ్ణి పెట్టారు. పధ్నాలుగు రోజులు ఎవరూ బయటికి పోకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. పదో రోజు మధ్యాహ్నం మా కోడలికి నొప్పులొచ్చాయి. ఎనిమిదో నెల. మా వాడు దాన్ని చేతుల మీద ఎత్తుకుని రేకుల దగ్గరికి పరిగెత్తాడు. ఆఫీసు నుంచి చీటీ వస్తే గానీ తియ్యనన్నాడు కాపలావాడు. "అమ్మా, నేను తీస్తే రేపు నా పిల్లలకి అన్నం ఉండదు" అని ఏడ్చాడు కూడా. ఏడుస్తూనే అడ్డం నిలబడ్డాడు. చీటీ రావడానికి మూడు గంటలు పట్టింది. బిడ్డ పుట్టాడు, ఏడవలేదు. మగపిల్లాడు, జుట్టు ఒత్తుగా ఉంది. ఆ చివరింటి జ్వరం ఒట్టి జ్వరమేనని తరవాత తేలింది.

ఆ రోజు నుంచి మా వాడికి రేకు చప్పుడు వినబడితే చాలు, బట్టీ దగ్గరున్నా ఒళ్ళు వణికిపోయేది.

మరుసటేడు మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. అప్పటికి కోడలికి మళ్ళీ ఎనిమిదో నెల. రోజూ పదింటికి మా వీధికి నర్సమ్మ వచ్చేది. వీధి మధ్యలో నిలబడి ఒక్కో గుమ్మం వైపు తిరిగి మూడే మూడు మాటలు అడిగేది. "జ్వరం? దగ్గు? వాసన?" మూడు ప్రశ్నల నర్సమ్మ అని పేరు పెట్టాం. ఒక్క జవాబు తేడా వచ్చినా వీధంతా మూతే. ఆ నియమం మారలేదని మాకు తెలుసు. అదొక్కటే తెలుసు, అదీ మా ఖర్మ.

ఒకరోజు పొద్దున నేను మెట్లు దిగుతుంటేనే ఘాటు కొట్టింది. కళ్ళు మండిపోయాయి. కుండ పూర్తిగా చెడింది. మా వాడేమో మూత తీసి, ముఖం పెట్టి, పీల్చి, నింపాదిగా ఆ పిండి మొత్తం తొట్లోకి వంపుతున్నాడు.

"ఒరేయ్, నీ ముక్కు ఎక్కడ పెట్టొచ్చావురా? తాకట్టు పెట్టావా?" అన్నాను.

వాడు నవ్వలేదు. చేతులు పిండిలోనే ఉంచి నా వైపు చూశాడు.

"అమ్మా, నిన్న మధ్యాహ్నం నుంచీ నాకేం తెలీడం లేదు. సబ్బు చూశా, కిరసనాయిలు చూశా. నీళ్ళ లాగే ఉన్నాయి."

"జ్వరం ఉందా?"

"కాస్త వెచ్చగా ఉంది. బట్టీ ముందున్నాను కదా మరి."

పైన కోడలు నడుస్తున్న చప్పుడు. నెలలు నిండుతున్న మనిషి నడక, అడుగు బరువుగా పడుతుంది.

"పదింటికి ఆ నర్సమ్మ వస్తుందిరా" అన్నాను.

"వస్తే రానీ. నా ముక్కు నాది. అది పని చేస్తుందో లేదో ఊరందరికీ చాటింపెయ్యాలా? పోయినేడు చివరింటివాడు నిజం చెప్పాడు. వాడికేం పోయింది? పోయింది నా కొడుకు." గొంతు పెంచబోయి, పైకి చూసి తగ్గించాడు. "ఇంకో మూడు వారాలు ఈ వీధి తెరిచుంటే చాలమ్మా. దాన్ని ఆసుపత్రిలో దింపేస్తే, తరవాత నన్ను ఈ బట్టీలో పెట్టి మూసేసినా కిమ్మనను."

"మరి దానికి?"

"చెప్పకు. తెలిస్తే కంటిమీద కునుకెయ్యదు."

తప్పురా అని నేను అనొచ్చు. అనలేదు. తొట్టిలో పిండంతా కాలవలో పారబోసి, కుండ కడిగి, కొత్తది కలిపించాను. మర్నాటి నుంచి మూత తీసి పీల్చేది నేనే. యాభై ఏళ్ళు ఆ వాసనల మధ్య కాపురం చేసినదాన్ని, మగ్గిన పండుకీ పచ్చిపిండికీ తేడా నాకు మాత్రం తెలియదా?

కోడల్ని బట్టీ వేడి పడదని చెప్పి పైనుంచి దిగనివ్వలేదు. వాడు కిందే పిండి బస్తాల మీద పడుకున్నాడు. నేను నోటికి బట్ట కట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాను. చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుని దానికి అన్నం పైకి పట్టుకెళ్ళి, గుమ్మంలో పెట్టి వచ్చేదాన్ని.

"అత్తయ్యా, ఇది సెలవా, జైలా?" అని నవ్వేది.

"సెలవేనే. మళ్ళీ పిల్లొచ్చాక అడుగు, ఇది ఎంత సుఖమో తెలుస్తుంది."

"మీ అబ్బాయి ముఖం చూసి మూడు రోజులైంది. ఇంకో పెళ్ళాన్ని గానీ తెచ్చుకున్నాడా కింద?"

"తెచ్చుకుంటే దాని చేత పిండి పిసికించనా, నేనెందుకు పిసుకుతాను?"

ఇలా నవ్వించి దిగేదాన్ని. దిగేటప్పుడు మెట్టు మీద ఓసారి కూర్చునేదాన్ని.

ఇక మాస్టారి సంగతి. ఎదురింటి మేడ మీద ఒంటిగదిలో ఉండేవారు. లెక్కల మాస్టారు, పని మానేసి చాలా ఏళ్ళైంది. పెళ్ళి చేసుకోలేదు. మా ఆయనకి ప్రాణ స్నేహితుడు. ఆయన పోయాక కూడా అలవాటు మానలేదు. మొదటి వాయి బట్టీలోకి వెళ్ళే వేళకి పేపరు చంకలో పెట్టుకుని వీధి దాటి వచ్చేవారు. మా షట్టరు మీద రెండు దెబ్బలు కొట్టి, లేచాం అని మేం లోపలినించి ఒక దెబ్బ కొడితే, పక్క సందులోంచి తిరిగి వెనక తలుపు దగ్గరికి వచ్చేవారు. బట్టీ పక్కన పిండి బస్తా మీద కూర్చుని పేపరు పైకి చదివేవారు. నాకు చదువు లేదు. ప్రపంచంలో ఏం జరిగినా నాకు ఆ గొంతులోనే తెలిసింది.

మొదటి రోజే అనుకున్నాను, ఈయన్ని రావద్దనాలని. మరి ఎందుకంటే ఏం చెప్పాలి? నేను అబద్ధం ఆడగలను, తడబడను. ఆయనకి అబద్ధం రాదు. అనుమానం వస్తే, నర్సమ్మ ఆయన గుమ్మం వైపు తిరిగినప్పుడు ముఖంలోనే తెలిసిపోతుంది. అందుకని రానిచ్చాను. వెనక తలుపు బార్లా తీసి ఉంచాను. బస్తాని బట్టీకి దూరంగా గోడ దగ్గరికి జరిపాను. అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

"ఏం వదినా, నన్ను వెలేశారా?" అని ఆయన ఆ బస్తాని మళ్ళీ వెచ్చదనంలోకి లాక్కున్నారు, సరిగ్గా మా వాడి మోచేతి పక్కకి. "ముసలి ఎముకలు, గోడ పక్కన కూర్చుంటే బిగుసుకుపోతాయి."

నేను కుండ మూత తీసి పీలుస్తుంటే చూసి, కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఇదేంటి, రాజ్యం చేతులు మారిందే! ఏరా, మీ అమ్మ నిన్ను గద్దె దింపేసిందా?"

మా వాడు బట్టీలోకి చూస్తూ "బద్ధకం మాస్టారూ" అన్నాడు.

"బద్ధకమా, నీకా!" అని పేపరు విప్పారు.

మూడో రోజో నాలుగో రోజో, పేపరు మడిచి పెట్టి, "వదినా, అమ్మాయికి నెలలు దగ్గర పడ్డాయి కదా. మీరు చూశారో లేదో, మీ షట్టరు మీద..." అన్నారు.

అమ్మాయి అన్న మాట వినగానే నాకు అర్థమైపోయిందనుకున్నాను. పోయినేటి సంగతి ఎత్తుతున్నారు, అక్కణ్ణించి వీధి మూతకి, మూత నుంచి జ్వరానికి వస్తారు, మా వాడి ముఖం చూస్తారు. ఆ దారి మొత్తం ఒక్క క్షణంలో కనబడిపోయింది నాకు. వెంటనే అందుకున్నాను.

"ఆ షట్టరు సంగతి ఎత్తకండి మాస్టారూ! గ్రీజు పెట్టరా పెట్టరా అని వీడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. పొద్దున్నే అది చేసే గోలకి పైన పడుకున్నదానికి ఉలికిపాటు. మీ స్నేహితుడున్నప్పుడు ఎలా ఉండేది? వేలితో తోస్తే లేచేది. ఓసారేం జరిగిందో తెలుసా..."

అని షట్టరు కొన్న రోజు నుంచి మొదలుపెట్టి మొదటి వాయి దిగేదాకా వదల్లేదు. ఆయన రెండుసార్లు నోరు తెరిచారు, నేను పడనివ్వలేదు. చివరికి నవ్వేసి, "మీతో నెగ్గడం మీ ఆయన వల్లే కాలేదు, నా వల్లేం అవుతుంది" అని రొట్టె చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు. బతికాను అనుకున్నాను.

పదింటికి నర్సమ్మతోనూ అంతే. "జ్వరం?" అనేలోపే "ఏమీ లేవమ్మా, దగ్గూ లేదు, వాసన బ్రహ్మాండంగా ఉంది, నీకిక్కడిదాకా రావట్లేదూ?" అనేదాన్ని. "బామ్మగారూ, మీ కోడలికి..." అంటే "అది హాయిగా ఉందమ్మా, నువ్వు ముందు ఎండలోంచి పక్కకి జరుగు, ముఖం చూడు ఎలా కమిలిపోయిందో" అనేదాన్ని. నర్సమ్మకి ఇంకా నలభై గుమ్మాలున్నాయి. తలాడించి వెళ్ళిపోయేది.

ఏడో రోజు పొద్దున షట్టరు మీద దెబ్బలు పడలేదు. మా వాడు బట్టీ గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను లోపలినించి ఒక దెబ్బ కొట్టాను, వింటారేమోనని. ఎనిమిదో రోజూ లేదు. ఆయన కిటికీ మూసే ఉంది. వెళ్ళి చూద్దామా అంటే, చూసి ఏం చెప్పాలి?

తొమ్మిదో రోజు పదింటికి నర్సమ్మ అడిగితే ఆయన గుమ్మం పలకలేదు. పైకెక్కి, పరుగున దిగి ఫోను చేసింది. అంబులెన్సు వచ్చింది. ఒళ్ళంతా తెల్ల తొడుగులు వేసుకున్న ఇద్దరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. మనిషి సగమైపోయారు. ముఖానికి గొట్టం. నేను బల్ల వెనక నిలబడి ఉన్నాను. మా కొట్టు ఎదురుగా రాగానే చెయ్యెత్తి ఆగమన్నారు. గొట్టం పక్కకి లాక్కున్నారు.

"వదినా, నేను రోజూ మీ మధ్యే కూర్చున్నాను. నాకెక్కడ అంటుకుందో తెలీదు. నావల్ల మీకు తగిలిందేమో." ప్రతి మాటకీ ఆగి ఊపిరి తీసుకున్నారు. "అమ్మాయిని... ముందు అమ్మాయిని చూపించుకోండి. నన్ను క్షమించండి."

నర్సమ్మ పక్కనే ఉంది. నా వైపే చూస్తోంది. కాదు మాస్టారూ, మీవల్ల కాదు, మావల్ల మీకు. అంతే, చెప్పాల్సిన మాట. పుట్టి బుద్ధెరిగాక నాకు మాట రాకపోవడం అదొక్కసారే. బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాను. గొట్టం మళ్ళీ పెట్టేశారు. తలుపులు పడ్డాయి. బండి వెళ్ళిపోయింది.

నర్సమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ వీధిలోకి రమ్మంది, పరీక్షకి. కోడలు పొట్ట పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చి, ఆరుబయట దూరంగా కుర్చీలో కూర్చుంది. "కొట్టు మూసెయ్" అని ఆఫీసు నుంచి వచ్చిన మనిషికి చెప్పింది నర్సమ్మ. అతను బయటినించి కొక్కెం తగిలించి లాగాడు. షట్టరు కీచుమంటూ దిగింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ, పట్టపగలు మా షట్టరుని వీధిలో నిలబడి చూడటం అదే మొదలు.

దాని మీద ఒక కాగితం అంటించి ఉంది. రోజూ చుట్టుకుని, విప్పుకుని, పలక పలకకీ మడత పడి, మడతల దగ్గర చిరిగి, నా చర్మంలా ఉంది.

"ఏంటది?" అన్నాను.

కోడలు కూర్చున్నచోటి నుంచే పైకి చదివింది. "వీధి మూసివేయవలసి వచ్చినచో, ఏడో నెల దాటిన గర్భిణులను అదే రోజు ప్రసూతి ఆసుపత్రికి చేర్చవలెను. చీటీ అవసరం లేదు. కాపలావారు ఆపరాదు." చదివి, మళ్ళీ చదివింది.

నర్సమ్మ కోడలి వైపే చూస్తూ చెప్పింది. "పోయినేడు నీ బిడ్డ పోయాక నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగి రాయించానమ్మా. మొదటి కాగితం తెచ్చి మీ షట్టరుకే అంటించాను. నెల దాటింది. పొద్దున్నే, మీరింకా తెరవలేదు. చూసే ఉంటారనుకున్నాను. అడుగుదామంటే బామ్మగారు..." అని ఆగింది.

మీ షట్టరు మీద, అన్నారు మాస్టారు. ఇదన్నమాట.

మా వాడు రోడ్డు మీద గొంతుక్కూర్చున్నాడు. తల ఎత్తకుండా, "నాకు వాసన పోయి తొమ్మిది రోజులైందమ్మా" అన్నాడు. నాతో కాదు, నర్సమ్మతో. "మాస్టారికి నేనే ఇచ్చాను."

కోడలు అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నన్నడిగారా?" అంది. "నా కడుపు. నా బిడ్డ. మొదటివాణ్ణి పోగొట్టుకున్నదాన్ని నేను. నన్నొక్క మాట అడిగారా మీరిద్దరూ?"

"నీ కోసమేనే..." అన్నాడు వాడు.

"నా కోసమా! పైన కూర్చోబెట్టి కబుర్లు చెప్పారు నా కోసం. నా పేరు చెప్పి ఆ పెద్దాయన్ని బట్టీ పక్కన కూర్చోబెట్టారు. ఆయన్నడిగారా, మా కోసం చస్తారా మాస్టారూ అని? అడిగితే ఊఁ అనేవారేమో కూడా. అడిగారా?"



గంటలో రేకులు వచ్చాయి. వాటి చప్పుడుకి మా వాడు చెవులు మూసుకున్నాడు. కోడల్ని తీసుకెళ్ళే బండి వచ్చేసరికి కాపలా ఉన్నది పోయినేటి మనిషే. ఎవరూ అడక్కముందే, చీటీ ఊసెత్తకుండా, రేకుని రెండు చేతులతో ఎత్తి పక్కకి లాగి, బండి పోయేదాకా తల దించుకుని నిలబడ్డాడు.

కోడలికి జబ్బు తగల్లేదు. ఆసుపత్రిలో చేరిన పదిహేడో రోజున ఆడపిల్లని కంది. పుట్టగానే గుక్కపట్టి ఏడ్చిందట. మా వాడు లేచి తిరిగాడు. నాకు తుమ్ము కూడా రాలేదు. మాస్టారు ఆసుపత్రికి వెళ్ళిన ఆరో రోజున పోయారు. చివరిచూపుకి కూడా ఎవర్నీ రానివ్వలేదు.

రేకులు తీసేశాక మాస్టారి చెల్లెలు గది ఖాళీ చెయ్యడానికి వచ్చింది. సన్నగా, అన్నగారి ముక్కు, అన్నగారి కళ్ళజోడే. సామాను బండికెక్కించి, వీధి దాటి మా బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కయ్యా, అన్నయ్య చివర్లో ఫోనులో మిమ్మల్నే తలుచుకున్నాడు. నావల్ల వాళ్ళింట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమో కనుక్కో, అమ్మాయి ఎలా ఉందో కనుక్కో అన్నాడు. ఆ బెంగతోనే పోయాడు. మీరు మనసులో పెట్టుకోకండి."

అలవాటు కొద్దీ అప్పుడే దిగిన రొట్టె కాగితంలో చుట్టి ఆవిడ ముందు పెట్టాను. పైనుంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. కోడలు మెట్ల మీద వచ్చి నిలబడింది, నేనేం చెబుతానో విందామని.

చెప్పాను. కుండ దగ్గర నుంచి మొదలుపెట్టి, బస్తా జరిపింది, షట్టరు కబుర్లు, కుర్చీలో ఆయన క్షమించమంటే నేను నోరు మెదపకపోవడం, అన్నీ చెప్పాను. అలంకారాలేం పెట్టలేదు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అన్నగారి లాగే, ఎదుటివాళ్ళని పూర్తిగా చెప్పనిచ్చే మనిషి.

"ఇది అన్నయ్య వినగలిగినప్పుడు చెప్పాల్సిన మాట" అంది. అంతే. రొట్టె బల్ల మీదే ఉంది. ఆవిడ బండెక్కింది.

ఆ రొట్టెని సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోలేదు.

మా వాడికి ముక్కు మళ్ళీ రాలేదు. కొట్టు నడుస్తోంది. కుండ మూత తీసి పీల్చేది నేనే. నా తరవాత కోడలు నేర్చుకోవాలి, నేర్చుకుంటోంది. నాతో మాట్లాడుతుంది గానీ, ఏ పనీ నాకు చెప్పి చెయ్యదు, నన్నడిగీ చెయ్యదు. పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే, నాకు చెప్పకముందే నర్సమ్మకి చెబుతుంది.

పొద్దున్నే మా వాడు షట్టరు ఎత్తకముందు నేను సందులోంచి తిరిగి వీధిలోకి వెళ్తాను. మాస్టారు నిలబడే చోట నిలబడతాను. కాగితంలో సగం ఊడిపోయింది, మిగిలింది నాకు చదవరాదు. ఏ మడత ఏ పలక మీద పడిందో మాత్రం తెలుసు. కాసేపు చూసి, రెండు దెబ్బలు కొడతాను. లోపలినించి ఒక దెబ్బ వినపడుతుంది. షట్టరు కీచుమంటూ లేస్తుంది, కాగితాన్ని చుట్టుకుని పైకి పోతుంది.